కపుల్ కౌన్సెలింగ్‌లో తప్పు ఎవరిదో తేలుస్తారా?

తేల్చరు, అది కౌన్సెలర్ పనే కాదు. వాళ్లు చూసేది ఇద్దరి మధ్య మళ్లీ మళ్లీ ఒకే దారిలో నడిచే గొడవను, ఎందుకంటే ఒకరు చేసేది రెండోవారిని రెచ్చగొడుతుంది, వాళ్ల స్పందన తిరిగి మొదటివారిని రెచ్చగొడుతుంది, ఎవరు మొదలుపెట్టారంటే ఇద్దరూ ఎదుటివాళ్లనే చూపిస్తారు.

తిరుపతిలో ఉంటూ శ్రీసిటీకి షిఫ్టుకు వెళ్లొచ్చే భర్తనే తీసుకోండి. బస్సు దిగి ఇంట్లోకి రాగానే ఆమె "ఇంత లేటెందుకు, అన్నం చల్లారిపోయింది" అంటుంది, అతను పలక్కుండా ఫోన్ తీసుకుని మిద్దెక్కుతాడు, పలకలేదని ఆమె గొంతు పెంచుతుంది, గొంతు పెంచిందని అతను ఇంకో గంట కిందికే రాడు. ఇక్కడ తీర్పు చెప్పి ఏం లాభం? అందుకే ఒకరు చెప్పింది రెండోవారు ముందు తమ మాటల్లో తిరిగి చెప్పి, ఆ తర్వాతే జవాబిచ్చేలా అలవాటు చేయిస్తారు. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది.

చాలామంది దీన్ని పెద్దమనుషుల పంచాయితీ అనో, కోర్టు కౌన్సెలింగ్ అనో అనుకుంటారు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కింద జరిగేది కేసు వేశాక రాజీ ప్రయత్నం, కపుల్ కౌన్సెలింగ్‌కు ఏ కేసూ అక్కర్లేదు. ఇంట్లో కొట్టడం ఉంటే మాత్రం జంటగా కూర్చోవడం తర్వాత సంగతి, ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.