కమ్యూనిజం పోయాక కంపెనీల ఉత్పాదకత ముందు ఎందుకు పడిపోయింది?

ప్రైవేటుపరం చేస్తే ఉత్పాదకత పెరగాలి కదా, తూర్పు యూరప్‌లో 1990 తర్వాత ఎందుకు పడిపోయిందని అడిగారు.

ముందు లెక్క సరిచూసుకోవాలి. ఉత్పత్తిని సిబ్బంది సంఖ్యతో భాగిస్తే ఉత్పాదకత వస్తుంది. ఆర్డర్లు నెలల్లో పడిపోయాయి, మనుషుల్ని తీసేయడానికి ఏళ్లు పట్టింది. అందుకే ముందు పడిపోయి, ఉద్యోగాలు తీసేసిన కొద్దీ ఒక్క వస్తువు ఎక్కువ చేయకుండానే లేచింది. రెండు సంఖ్యలనూ విడివిడిగా చూడండి. పైగా ఆ ఫ్యాక్టరీల జీతాల పట్టీలో పిల్లల బడి ఆయాలు, క్యాంటీన్ వంటవాళ్లు, విశ్రాంతి గృహాల సిబ్బంది కూడా ఉండేవారు. వాళ్లను మునిసిపాలిటీకి అప్పగించిన ఏడాది ఉత్పాదకత అమాంతం పెరిగినట్టు కనిపిస్తుంది. పోల్చే రెండేళ్లలోంచీ వాళ్లను తీసేసి లెక్క వేయాలి. టన్నుల్లో పోల్చొద్దు: ప్రణాళిక లక్ష్యం టన్నుల్లో ఉంటే బరువైన సరుకే చేసేవారు. ముడిసరుకు, కరెంటు ఖర్చులు పోగా మిగిలిన విలువనే తీసుకోండి.

ఇక అసలు కారణాలు. తూర్పు జర్మనీలో కార్మికుడి ఉత్పాదకత పశ్చిమంలో మూడో వంతు దరిదాపుల్లో ఉండేది. 1990 జులై 1న తూర్పు మార్కుల్లోని జీతాలను, వాటి విలువ చాలా తక్కువైనా, ఒకటికి ఒకటి చొప్పున పశ్చిమ మార్కుల్లోకి మార్చేశారు. ఖర్చు ఒక్కసారిగా పెరిగింది. 1991 నుంచి సోవియట్ కూటమి దేశాలు కూడా డాలర్లలాంటి కరెన్సీలోనే చెల్లించాల్సి రావడంతో పాత కొనుగోలుదార్లూ పోయారు. ట్స్వికావ్‌లో ట్రబాంట్ కారు తయారీ 1991 ఏప్రిల్‌లో ఆగింది.

పోలండ్ దారి వేరు. 1990 జనవరి 1న తమ కరెన్సీ జ్లోటీ విలువను బాగా తగ్గించి డాలరుకు 9,500 దగ్గర నిలబెట్టారు. సబ్సిడీలు కోశారు, దిగుమతులకు తలుపులు తెరిచారు. పరిమితి దాటి జీతాలు పెంచిన ప్రభుత్వ సంస్థపై భారీ పన్ను వేశారు. పెద్ద ఫ్యాక్టరీలు చాలావరకు ఇంకా ప్రభుత్వం చేతిలోనే ఉన్నా, వాటిలో చాలా సంస్థలు అమ్ముడుపోకముందే ఖర్చులు తగ్గించుకుని కొత్త మార్కెట్లు వెతుక్కున్నాయి. 1992లోనే దేశం మళ్లీ వృద్ధిలోకి వచ్చింది. నా దృష్టిలో ఇదే కీలకం: నష్టాన్ని ఎవరూ పూడ్చరని తెలిశాకే యాజమాన్యం కదులుతుంది. హంగరీ ఆర్థికవేత్త కొర్నాయి దీనికి విరుద్ధమైన స్థితినే మెత్తటి బడ్జెట్ అన్నాడు.

రష్యాలో 1992–94లో వోచర్లతో (వాటాలకు మార్చుకునేందుకు పౌరులకు ఇచ్చిన పత్రాలు) వాటాలు పంచారు, ఎక్కువభాగం ఆ సంస్థల మేనేజర్లు, కార్మికులకే చేరాయి. బకాయిలు, వస్తు మార్పిడి మాత్రం నష్టాల్లోని సంస్థలను బతికించాయి. 1998 నాటికి పారిశ్రామిక అమ్మకాల్లో సుమారు సగం మార్పిడే. ఆ బిల్లుల్లో ధరలు నగదు ధరకంటే ఎక్కువ రాసుకునేవారు కాబట్టి, అప్పటి రష్యన్ కంపెనీ ఉత్పాదకత చూసేటప్పుడు అమ్మకాల్లో నగదు వాటా ఎంతో ముందు అడగండి.