పాత సెస్నాలో ట్రైనింగ్ కి వెళ్తున్నావా? కంట్రోల్స్ గురించి ఏం చూడాలి, ఏం అడగాలి

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీది విశాఖపట్నంలో మద్దిలపాలెం, వచ్చే నెల సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్, ట్రైనింగ్‌కి వెళ్తున్నావు, అక్కడున్నవి సెస్నా కంపెనీ చిన్న విమానాలు, 152లు, 172లు, చాలావరకు నీకంటే వయసులో పెద్దవి, అది విన్నప్పటి నుంచీ ఇంట్లో అమ్మకి టెన్షన్. కంట్రోల్స్‌కి, అంటే విమానాన్ని తిప్పే పలకలకీ వాటిని లాగే కేబుల్స్‌కీ, ఏ మెయింటెనెన్స్ తప్పనిసరి, స్టూడెంట్‌గా నువ్వు ఏం చూసుకోవాలి, ఏం అడిగితే తప్పుగా అనుకోరు అని. నేను నేవీలో ఎయిర్‌క్రాఫ్ట్ టెక్నీషియన్‌ని, ఎక్కువ కాలం ఇక్కడే విశాఖలో నేవీ ఎయిర్ స్టేషన్ ఐఎన్ఎస్ డేగాలో చేశాను, రిటైరయ్యాక కొన్నేళ్లు కోస్తాలోనే ఒక ఫ్లయింగ్ స్కూల్ హ్యాంగర్‌లో ఈ చిన్న విమానాల మీదే పనిచేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు వయసు సంగతి. 152 తయారీ 1985లోనే ఆగిపోయింది, కాబట్టి ఏ స్కూల్‌కి వెళ్లినా నీకు దొరికేది పాతదే. దానికి భయపడక్కర్లేదు, అమ్మకి కూడా అదే చెప్పు. గంటల లెక్కన విప్పి చూస్తారు, అరిగినవి మారుస్తారు, రాస్తారు. నాకు గుబులు పుట్టించేది వయసు కాదు, నిన్న రాత్రి కంట్రోల్స్ విప్పి బిగించి ఈరోజు పొద్దున్నే మొదటి సార్టీకి, అంటే ఫ్లైట్‌కి, బయటికి తీసిన విమానం. అది కొత్తదైనా సరే. నేను చూసినంతలో కంట్రోల్స్‌లో పెద్ద తప్పులు గాల్లో పుట్టవు, హ్యాంగర్‌లో పుడతాయి, పని తెలిసిన మనిషి చేతుల్లోనే, మంచి ఉద్దేశంతో కేబుల్ మార్చేటప్పుడే.

లాంకాస్టర్ బాంబర్‌ని డిజైన్ చేసిన రాయ్ చాడ్విక్ ఎలా పోయాడో తెలుసా? 1947 ఆగస్టులో తను డిజైన్ చేసిన అవ్రో ట్యూడర్‌లోనే. మెయింటెనెన్స్‌లో ఐలరాన్ల, అంటే విమానాన్ని పక్కకి వాల్చే రెక్కల మీది పలకల, కేబుల్స్ తారుమారుగా కలిపారు, టేకాఫ్ అవుతూనే కూలింది. పాత కాలం కదా అనుకుంటావేమో, 2018 నవంబరులో ఎయిర్ అస్తానా వాళ్ల ఎంబ్రేయర్ 190 పోర్చుగల్‌లో మెయింటెనెన్స్ పూర్తి చేసుకుని బయల్దేరితే అదే కథ, ఐలరాన్ కేబుల్స్ రివర్స్, అందులో ఉన్నవాళ్లు ఎంతోసేపు పోరాడి చివరికి బేజాలో దింపగలిగారు. 2003 జనవరిలో అమెరికాలో షార్లట్ దగ్గర 19 సీట్ల బీచ్ 1900 కూలి పైలట్లతో కలిపి 21 మంది పోయారు. అక్కడ కేబుల్స్ తారుమారు కూడా కాలేదు, ఎలివేటర్, అంటే ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక, దాని కేబుల్ టెన్షన్ సరిచేస్తూ టర్న్‌బకిల్స్ అనే బిగుతు సరిచేసే మరలు తప్పుగా తిప్పారు, దాంతో ముక్కు కిందికి దించే కదలిక బాగా తగ్గిపోయింది. తర్వాత చేయాల్సిన చెక్ చేసి ఉంటే అక్కడే దొరికేది, కానీ కొన్ని స్టెప్పులు వదిలేశారు. అన్నిటికంటే భయంకరమైన విషయం ఏంటంటే, ఆ తర్వాత అది కొన్ని ట్రిప్పులు మామూలుగానే ఎగిరింది. వెనక బరువు ఎక్కువైన రోజున మాత్రం ఆ లేని కదలిక అవసరమైంది.

అందుకే మన దగ్గర డూప్లికేట్ ఇన్‌స్పెక్షన్ అని ఒకటుంది. కంట్రోల్ సిస్టమ్‌లో ఏది విప్పినా, కలిపినా, అడ్జస్ట్ చేసినా, చేసిన ఏఎంఈ, అంటే లైసెన్స్ ఉన్న మెయింటెనెన్స్ ఇంజనీర్, చూసి సంతకం పెట్టాక, అధికారం ఉన్న ఇంకొకరు విడిగా మొదటి నుంచీ చూసి సంతకం పెట్టాలి. ఆ రెండు సంతకాలూ లేకుండా విమానాన్ని సర్వీసుకి రిలీజ్ చేయకూడదు. ఇందులో ప్రాణం అంతా ‘విడిగా’ అన్న మాటలోనే ఉంది. మొదటాయన చెప్పింది విని తలూపి సంతకం పెట్టేస్తే అది రెండో ఇన్‌స్పెక్షన్ కాదు. నేను పనిచేసిన ఆ స్కూల్లోనే ఒకసారి ట్రిమ్ కేబుల్ మార్చారు, పైలట్ యోక్‌ని అస్తమానం పట్టి లాగక్కర్లేకుండా ఎలివేటర్ మీది చిన్న ట్యాబ్‌ని కదిపేది అదే. చేసినాయన చాలా అనుభవజ్ఞుడు, తిప్పితే వెన్నలా తిరుగుతోంది, ఎక్కడా పట్టేయడం లేదు. రెండో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన మాత్రం ఎవర్నీ ఏమీ అడగకుండా మాన్యువల్ తెరిచి పెట్టుకుని, కాక్‌పిట్‌లో ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టి, తను తోక దగ్గర నిలబడి ‘ముక్కు పైకి తిప్పు’ అన్నాడు. అలా తిప్పితే ఎలివేటర్ వెనకంచున ఉన్న ట్యాబ్ కిందికి దిగాలి. అది పైకి లేచింది. హ్యాంగర్‌లో ఎవరూ మాట్లాడలేదు, మళ్లీ మొత్తం విప్పారు. విమానం అప్పటికే మధ్యాహ్నం సార్టీకి బోర్డు మీద రాసి ఉంది. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ గౌరవం.

ఇక మన తీరం సంగతి, దీని గురించి ఎక్కువ చెప్పాలి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లల్లో కిటికీ గ్రిల్స్ ఎంత తొందరగా తుప్పు పడతాయో నువ్వు చూస్తూనే పెరిగి ఉంటావు. ఆ ఉప్పు గాలే విమానంలోకీ వెళ్తుంది, బయట రంగు మీద కాదు, సీట్ల కింద, తోక లోపల, ఎవరూ రోజూ చూడని చోట కూర్చుంటుంది. 172లో కంట్రోల్ కేబుల్ అంటే సన్నటి ఉక్కు తీగల్ని పేటలుగా పేని చేసిన తాడు, ఎక్కువగా వాడే రకంలో ఏడు పేటలు, ఒక్కో పేటలో 19 తీగలు. స్కూటర్ క్లచ్ కేబుల్ ఎప్పుడూ హ్యాండిల్ దగ్గర వంగే చోటే తెగినట్టు, ఇది కూడా పుల్లీ మీద వంగే చోట, గైడ్ గుండా రాసుకునే చోట, చివర ఫిట్టింగ్ దగ్గరి ఒక అడుగు లోపు బలహీనపడుతుంది. అలాంటి చోట ఒక్క తీగ తెగి కనిపించినా కేబుల్ మార్చాల్సిందే. టార్చి వేసి చూస్తే చాలదు. పుల్లీ కింద దాగిన భాగం బయటికొచ్చేలా కంట్రోల్స్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి కదిపి, మెత్తటి గుడ్డ చుట్టి కేబుల్ పొడవునా లాగాలి, తెగిన తీగ ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. వట్టి చేత్తో మాత్రం లాగకు, తీగ దిగితే తెలుస్తుంది.

ఒకసారి వర్షాకాలం అంతా బయటే నిలబెట్టిన 172 ఇన్‌స్పెక్షన్‌కి వచ్చింది. కాక్‌పిట్‌లో కంట్రోల్స్ చక్కగా కదులుతున్నాయి, లాగ్‌బుక్‌లో ఒక్క స్నాగ్, అంటే లోపం, కూడా రాసి లేదు. తోక వైపు ప్యానెల్ తీసి గుడ్డ లాగితే పుల్లీ దగ్గర రెండు చోట్ల పట్టుకుంది. టెన్షన్ వదిలించి కేబుల్‌ని కొద్దిగా విడదీసి చూస్తే లోపలి పేటల మధ్య ఎర్రటి పొడి. పైన తుప్పు తుడిస్తే పోవచ్చు, లోపల తుప్పు ఉంటే ఇక ఆ కేబుల్ పనికిరాదు. రేపు సార్టీలున్నాయి, ఇప్పటికి క్లీన్ చేసి వదిలేయండి, పార్ట్ వచ్చాక మారుద్దాం అని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఏఎంఈ ఒప్పుకోలేదు. కేబుల్ వచ్చేదాకా విమానం కదల్లేదు. సాల్వెంట్‌లో నానబెట్టి కడిగేయడం కూడా తప్పే, పేటల మధ్య ఉండే గ్రీజు కొట్టుకుపోయి తుప్పుకి దారి ఇచ్చినట్టే అవుతుంది.

కేబుల్ చివర ఫిట్టింగులు ఇంకో తలనొప్పి. స్టెయిన్‌లెస్ కదా తుప్పు పట్టదు అనుకుంటారు, కానీ 303 ఎస్ఈ రకం స్టెయిన్‌లెస్‌తో చేసిన పాత టెర్మినల్స్‌కి ఉప్పు తగిలితే, పైకి మెరుస్తూనే లోపల సన్నగా పగుళ్లు వస్తాయి. ఆస్ట్రేలియాలో వీటి వల్లే మెయిన్ కంట్రోల్ కేబుల్స్‌ని 15 ఏళ్లకి తీసేయాలని రూలే పెట్టారు. సముద్రం పక్కన విమానం ఉంచే ప్రతి స్కూల్‌నీ ఈ ప్రశ్న అడగొచ్చు: ఈ కేబుల్స్ ఎప్పుడు మార్చారు? గంటల్లో కాదు, ఏళ్లల్లో చెప్పమను. నడవకుండా నిలబడ్డ విమానానికి గంటలు పెరగవు, తుప్పు పెరుగుతుంది.

టెన్షన్ గురించి ఒక మాట. విమానం ఒళ్లు అల్యూమినియం, కేబుల్ ఉక్కు. వేడికి అల్యూమినియం దాదాపు రెట్టింపు సాగుతుంది, కాబట్టి మే నెల మధ్యాహ్నం ఎండలో కేబుల్ బిగుసుకుంటుంది, డిసెంబరు తెల్లవారుజామున వదులవుతుంది. అందుకే టెన్షన్ మీటర్ పెట్టేటప్పుడు ఉష్ణోగ్రత చూసి మాన్యువల్‌లోని పట్టికతో సరిచూస్తారు, విమానాన్ని నీడలో కొన్ని గంటలు ఉంచి అప్పుడు కొలుస్తారు. చేత్తో నొక్కి ‘బాగానే ఉంది’ అంటే ఒప్పుకోకూడదు.

మిగతావి తొందరగా చెప్పేస్తా, ఇవి ఏఎంఈ పని, నువ్వు తెలుసుకుంటే చాలు. టర్న్‌బకిల్ బయట మూడు మరలకి మించి కనిపించకూడదు, దానికి లాకింగ్ వైర్ గానీ క్లిప్ గానీ ఉండాలి. తిరిగే జాయింట్లలో బోల్టుకి స్ప్లిట్ పిన్ ఉండాలి, నైలాన్ నట్ ఒక్కటే సరిపోదు. పుల్లీ తిరగాలి, తిరగకుండా కేబుల్ దాని మీద జారుతుంటే ఒకే చోట గాడి పడుతుంది. ఇంకొకటి, విమానానికి కొత్తగా రంగు వేశారంటే ఐలరాన్లు, ఎలివేటర్, ముక్కుని పక్కలకి తిప్పే తోక నిలువు పలక రడ్డర్, వీటి బ్యాలెన్స్ మళ్లీ చూశారా అని అడుగు. వెనకంచున పెరిగిన కొద్దిపాటి బరువు కూడా ఫ్లటర్‌కి, అంటే గాలికి పలక అదుపు లేకుండా కొట్టుకోవడానికి, దారితీస్తుంది, ఫ్లటర్ మొదలైతే సర్ఫేస్ ఊడిపోవడానికి సెకన్లు చాలు. మన వానలకి నీరు పోయే చిన్న రంధ్రాలు మూసుకుపోయి ఎలివేటర్ లోపల నీళ్లు నిలిచినా అదే ప్రమాదం.

ఇప్పుడు నీ చేతిలో ఉన్నది. ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసేటప్పుడు ప్రతి సర్ఫేస్‌నీ, అంటే కదిలే పలకనీ, పట్టుకుని మెల్లగా కదుపు, హింజ్ దగ్గర చూడు, పిన్ ఉందా, టకటక మంటోందా, కందిరీగ గూడు పెట్టిందా. రాత్రి పెద్ద గాలి కొట్టిందంటే ఇంకా జాగ్రత్త. 2014 హుద్‌హుద్ రోజు మన ఎయిర్‌పోర్టు టెర్మినల్‌ ఏమైందో చూశావు కదా, అంత గాలి అక్కర్లేదు, కంట్రోల్స్ కదలకుండా పట్టే గస్ట్ లాక్ వేయకుండా నిలబెట్టిన చిన్న విమానం రడ్డర్‌ని మామూలు ఈదురుగాలి కూడా అటూఇటూ బాది, అది హద్దు దాటకుండా ఆపే స్టాప్‌ని వంచేయగలదు. ఆ లాక్‌ని ఎగిరే ముందు తీయడం మర్చిపోతే ఇంకా ఘోరం. 1935 అక్టోబరు 30న బోయింగ్ 299 అలాగే కూలింది, పైలట్ల చెక్‌లిస్ట్ వాడకం ఆ ప్రమాదం నుంచే గట్టిపడింది. 2014లో అమెరికాలో బెడ్‌ఫర్డ్‌లో గల్ఫ్‌స్ట్రీమ్ కూడా గస్ట్ లాక్ వేసి ఉండగానే టేకాఫ్‌కి పరిగెత్తింది, ఏడుగురు పోయారు. వాళ్లు కొత్తవాళ్లేం కాదు.

టేకాఫ్ ముందు చెక్‌లిస్ట్‌లో ‘కంట్రోల్స్ ఫ్రీ అండ్ కరెక్ట్’ అని ఉంటుంది. చాలామంది స్టూడెంట్లు గుండ్రంగా ఒకసారి తిప్పేసి అయిపోయిందంటారు. అలా చేస్తే ఫ్రీ ఒక్కటే తెలుస్తుంది. నేను పైన చెప్పిన ప్రమాదాల్లో కొన్నిటిలో కంట్రోల్స్ ఫ్రీగానే కదిలాయి, తప్పు దిక్కుకి కదిలాయి. యోక్, అంటే పైలట్ ముందుండే స్టీరింగ్, దాని మీద బొటనవేళ్లు పైకి నిలబెట్టి ఎడమకి తిప్పు, వేళ్లు ఏ రెక్క వైపు వాలాయో ఆ రెక్క ఐలరాన్ పైకి లేచి ఉండాలి, తల తిప్పి కళ్లతో చూడు, రెండో పక్క కిందికి దిగిందో లేదో కూడా చూడు. కుడికీ అంతే. వెనక్కి లాగితే ఎలివేటర్ పైకి. ప్రతి వైపూ స్టాప్ గట్టిగా తగిలేదాకా వెళ్లాలి, మధ్యలో మెత్తగా ఆగితే ఆగిపో. రడ్డర్ సీట్లోంచి కనపడదు, మెయింటెనెన్స్ నుంచి వచ్చిన రోజున బయట ఒకరిని నిలబెట్టి చూపించుకో. ఏదైనా తేడా అనిపిస్తే నోటితో చెప్పి వదిలేయకు, టెక్ లాగ్‌లో స్నాగ్ రాయించు. రాస్తేనే ఎవరో ఒకరు దానికి జవాబుగా సంతకం పెట్టాలి. ఇన్‌స్ట్రక్టర్ విసుక్కుంటే విసుక్కోనీ.

చివరగా నువ్వు ఎక్కబోయే 152 గురించే ఒకటి. 1998లో కెనడాలోని క్యూబెక్‌లో స్పిన్, అంటే విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడటం, ప్రాక్టీస్ చేస్తున్న 152 రడ్డర్ స్టాప్‌ని దాటి వెళ్లి ఒక పక్కకి ఇరుక్కుపోయింది, స్పిన్‌లోంచి బయటికి రాలేకపోయారు. తర్వాత 2009లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 152లకీ చాలా 150 మోడళ్లకీ ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్, అంటే తప్పనిసరి భద్రతా ఆదేశం, ఇచ్చింది: రడ్డర్ స్టాప్ కొత్త రకానికి మార్చాలి, లేదంటే స్పిన్ చేయకూడదని కాక్‌పిట్‌లో రాసి పెట్టాలి. నువ్వు వెళ్లే చోట ఏది చేశారో లాగ్‌బుక్‌లో చూపించమని అడుగు, నంబరు 2009-10-09. అలాగే సెస్నా సీటు పట్టాల ఇన్‌స్పెక్షన్‌కి ఇంకో డైరెక్టివ్ ఉంది, 2011-10-09. టేకాఫ్‌లో సీటు వెనక్కి జారితే చేతిలో యోక్ కూడా వెనక్కే వస్తుంది, కాబట్టి కూర్చోగానే పిన్ రంధ్రంలో పడిందో లేదో సీటుని ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపి చూడు. ఈ రెండు నంబర్లూ అడిగితే ఏ మంచి ఏఎంఈ అయినా సంతోషంగా పుస్తకం తీసి చూపిస్తాడు. చూపించడానికి ఇష్టపడకపోతే ఫీజు మొత్తం కట్టే ముందే ఇంకో స్కూల్ చూసుకో.