స్కూలువాళ్లు కాల్పోల్ వేయనన్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు, ఇప్పుడు ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటున్నాం, బాబుకి ఏడేళ్లు. మొన్న పన్ను నొప్పంటే మధ్యాహ్నం వేసుకోమని కాల్పోల్ (పారాసిటమాల్ సిరప్) చిన్న సీసాలో పోసి బ్యాగులో పెట్టాను, టీచరు అది తీసి పక్కన పెట్టేసి నాకు ఫోన్ చేశారు, వాడు సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉన్నాడంట. డాక్టర్ చీటీ తేవాలా? మా అత్తగారేమో ఇండియా నుంచి తెచ్చిన డిస్ప్రిన్ వేసి పంపమంటున్నారు.

జవాబు: ముందు ఆ డిస్ప్రిన్ సంగతి, అది అస్సలు వద్దమ్మా, ఇంట్లో కూడా వేయొద్దు. అందులో ఉండేది ఆస్పిరిన్, పదహారేళ్ల లోపు పిల్లలకి డాక్టర్ రాస్తే తప్ప ఇవ్వరు, రేయ్స్ సిండ్రోమ్ అని అరుదుగానే అయినా మెదడుకీ లివర్‌కీ ముప్పు తెచ్చే జబ్బుకి దానితో సంబంధం ఉంది. అత్తగారికి నేను చెప్పానని చెప్పండి, తిడితే నన్నే తిడతారు.

ఇక టీచరు మీద కోపం వద్దు. అక్కడి విద్యాశాఖ 2014లో ఇచ్చిన గైడెన్స్‌లోనే ఉంది, పదహారేళ్ల లోపు పిల్లలకి ఏ మందైనా తల్లిదండ్రులు రాసిచ్చాకే వేయాలి, నొప్పి మందైతే ముందు డోసు ఎప్పుడు పడిందో కనుక్కోవాలి అని. మీరు పొద్దున ఏడున్నరకి వేసి చెప్పలేదనుకోండి, వాళ్లు పదింటికి మళ్లీ వేస్తే? పారాసిటమాల్‌కి డోసుకీ డోసుకీ కనీసం 4 గంటలు ఉండాలి, 24 గంటల్లో 4 సార్లు దాటకూడదు. పైగా విడి సీసాలో పోస్తే అది ఏ కాల్పోలో ఎవరికి తెలుస్తుంది చెప్పండి, చంటిపిల్లలదైతే 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు, ఆరేళ్లు నిండినవాళ్ల సిక్స్ ప్లస్ అయితే 250, రెట్టింపు కంటే ఎక్కువే కదా.

షాపులో దొరికే మందుకి డాక్టర్ చీటీ అక్కర్లేదు, దానికోసం పొద్దున్నే జీపీకి, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్‌కి, ఫోన్ కొడుతూ కూర్చోకండి. స్కూలు ఆఫీసులో ఫారం అడిగి నింపండి, మందు అట్టపెట్టెతో సహా బాబు పేరు రాసి మీరే వాళ్ల చేతికివ్వండి, పొద్దున వేసిన టైము కూడా చెప్పండి. అయినా స్టాఫ్ వేసి తీరాలని రూలేం లేదు, కుదరదంటే లంచ్ టైములో మీరొచ్చి వేయొచ్చా అని అడిగి చూడండి.

అన్నట్టు పన్ను నొప్పి రెండ్రోజులు దాటితే కాల్పోల్‌తో నెట్టుకురావద్దు, డెంటిస్ట్‌కి చూపించండి, 18 ఏళ్ల లోపు పిల్లలకి ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ వైద్య సేవలో, పళ్ల వైద్యం ఫ్రీనే.