వేడి కాదే బుజ్జీ

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో అత్తగారు పక్కనే ఉందని గొంతు తగ్గించి "పెద్దమ్మా, వేడి చేసింది, ఒంటికి పోతుంటే మంట" అన్నావు. అలా గుసగుసగా మాట్లాడితే ఏం చెప్పగలను, అందుకే రాస్తున్నా. టంగుటూరు చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్‌ఎంగా తిరిగినన్నాళ్లూ ఈ "వేడి చేసింది" అన్న మాట ఎన్ని గుమ్మాల్లో విన్నానో. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ తాగు, వద్దనను. కానీ మంటతో పాటు మాటిమాటికీ వచ్చినట్టుండి నాలుగు చుక్కలే పడుతున్నా, పొత్తికడుపు పట్టేసినట్టున్నా, మూత్రం మబ్బుగా వస్తున్నా అది వేడి కాదు, ఇన్ఫెక్షన్. సబ్జాకి లొంగదులే అనుకో.

ఎక్కువగా దీన్ని తెచ్చేది ఈకొలై అనే సూక్ష్మజీవి. మన పేగుల్లో ఉండేదే. అక్కడున్నంతసేపు బుద్ధిగా ఉంటుంది, మూత్రం దారిలోకి జారిందా, గొడవే. ఆడవాళ్లకి ఆ దారి నాలుగు సెంటీమీటర్లే, మూత్రాశయం చేరడానికి దానికి ఎంతో సేపు పట్టదు. అందుకే కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కే కడుక్కోవాలి. డెట్టాలూ సబ్బులూ లోపలికి పెట్టకు. కొత్తగా పెళ్లయినదానివి, సిగ్గుపడకుండా విను, కలిసిన తర్వాత ఒకసారి ఒంటికి వెళ్లి రా.

నీ అసలు తప్పు మాత్రం వేరే. ఒంగోల్లో పొద్దున బస్సెక్కితే మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చాకే వెళ్తానన్నావు. కనిగిరిలో మీ స్కూల్లో బాత్రూం తలుపుకి గడియ లేదని నీళ్లే మానేశావు. పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లే ఆడవాళ్లదీ ఇదే కథ. నీళ్లు తాగితే, మూత్రం ధారగా పోతే, చేరిన క్రిములు కొన్ని దానితోనే కొట్టుకుపోతాయి. రోజంతా ఆపుకుంటే వాటికి లోపల వసతి చూపించినట్టే. కనిగిరి నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, దానివల్లేనేమో అన్నావు. ఫ్లోరైడ్ పళ్లనీ ఎముకలనీ పాడుచేస్తుంది, ఈ మంట దాని పని కాదు. భయమైతే ఇంటి నుంచి బాటిల్ పట్టుకెళ్లు, అంతేగానీ తాగడం మానకు.

రేపు సెలవు పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లు. మూత్రం కల్చర్‌కి, అంటే అందులోని క్రిమిని పెంచి చూసే పరీక్షకి రాస్తే, మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వు. ల్యాబ్‌లో చిన్న డబ్బా చేతిలో పెడతారు, ఎలా పట్టాలో చాలాసార్లు చెప్పరు. ముందు శుభ్రంగా కడుక్కో. మొదట వచ్చేది వదిలెయ్, మధ్యలోది పట్టు, డబ్బా లోపల వేలు తగలనీకు. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. ఏ మందుకి ఆ క్రిమి చస్తుందో అందులో ఉంటుంది. నెల తప్పిందన్న అనుమానం ఏ కాస్త ఉన్నా డాక్టర్‌కి ముందే చెప్పు, మందు మారుతుంది. నైట్రోఫ్యురాంటాయిన్ అనే మందు రాస్తే అన్నం తిన్నాక వేసుకో, మూత్రం ముదురు రంగులో వస్తే కంగారుపడకు, అది మందు రంగే.

మందు మొదలెట్టాక మామూలుగా రెండు మూడు రోజుల్లోనే మంట తగ్గిపోతుంది. అక్కడే మోసపోతాం. నేనూ మోసపోయాను. నర్సమ్మనై ఉండి, ఊళ్లో అందరికీ కోర్సు పూర్తి చెయ్యమని చెప్పే నేనే తగ్గింది కదా అని మిగతా మాత్రలు డబ్బాలో దాచా. వారం తిరక్కుండానే రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, నడుముకి పైన ఒక పక్క పోటు, వాంతులు. కిడ్నీ దాకా పాకింది. ఒంగోల్లో ఐదు రోజులు సెలైన్లు ఎక్కించారు. మీ పెదనాన్న ఇప్పటికీ ఆ మాత్రల డబ్బా చూపించి వెక్కిరిస్తారు. అందుకని చలిజ్వరం, పక్కపోటు, వాంతులు, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకు. మెడికల్ షాపులో "మంటకి ఏదైనా ఇవ్వండి" అని మాత్రం అడగొద్దు. మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ కూడా చూపించుకో.

ఐదో నెల నడుస్తున్న మీ ఆడపడుచుకీ చెప్పు. కడుపుతో ఉన్నవాళ్లకి మంట లేకపోయినా మూత్రంలో క్రిములు ఉండొచ్చు. పరీక్ష చేయించుకుంటే చాలు, ఉంటే మందిస్తారు.

హెడ్‌మాస్టర్‌ని గడియ అడగడానికి మొహమాటమైతే మానెయ్. ఆదివారం వస్తున్నా, గడియా నాలుగు స్క్రూలూ నేనే కొనుక్కొస్తా. సోమవారం నీతో బస్సెక్కి వచ్చి బిగించి వెళ్తా. స్క్రూడ్రైవర్ మీ ఆయన్ని వెతికి పెట్టమను.

మీ పెద్దమ్మ