మారిషస్ కొండల టూరు: చిట్టికి పెదనాన్న ఉత్తరం

చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఆగస్టులో అమ్మానాన్నల్ని మారిషస్ తీసుకెళ్తున్నావని, అందులో ఒకరోజు గైడ్‌తో కొండల వైపు తిరిగే టూరు పెట్టుకున్నావని రాశావు. చాలా సంతోషం. ఏజెంటు పంపిన కాగితం కూడా చూశాను. ఒక్కరోజులో పదకొండు చోట్లు! ఇరవై రెండేళ్ళు టూర్ మేనేజర్‌గా నేను జనం చేతిలో పెట్టిందీ ఇలాంటి కాగితాలే. అందుకే చెప్తున్నా, పదకొండులో అయిదు కొట్టేయ్. ఏ అయిదో తర్వాత చెప్తాను.

ముందు ఆ దీవి సంగతి కాస్త తెలుసుకో. అగ్నిపర్వతాల నుంచి పుట్టిన నేల అది. కొండలు సూదుల్లా కనిపిస్తాయి కానీ అన్నిటికంటే పెద్ద శిఖరం 828 మీటర్లే, మన తిరుమల ఎత్తు కూడా లేదు. గాలి మాత్రం ఆగ్నేయం నుంచి సముద్రపు తడిని మోసుకొచ్చి మధ్యలోని ఎత్తు నేలకు తగిలి అక్కడే కురిసిపోతుంది. పడమటి ఒడ్డుకు వచ్చేసరికి దాని చేతిలో ఏమీ మిగలదు. మీ హోటల్ ఉన్న ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ ఆ పడమటి ఒడ్డే. అక్కడ కళ్ళు చెదిరే ఎండ కాస్తుంటే, ముప్పావుగంట దూరంలో ఆ ఎత్తు నేల మీది క్యూర్‌పీప్ ఊళ్ళో జనం గొడుగులేసుకుని నడుస్తుంటారు. పైగా ఆగస్టంటే వాళ్ళకు చలికాలం.

ఇది తెలియకే నా మొదటి గ్రూపుని ముంచాను. ఇరవై ఎనిమిది మంది. హోటల్లో ఎండ చూసి ఎవరినీ స్వెటర్ తెచ్చుకోమని చెప్పలేదు. తొమ్మిదిన్నరకు ఓడ బొమ్మలు చేసే షాపు దగ్గర దిగాం, గంట పోయింది. తర్వాత ఇంకో షాపు, ఇంకో ముప్పావుగంట. బ్లాక్ రివర్ గోర్జెస్ అనే లోయల వ్యూపాయింట్ చేరేసరికి రెండున్నర. రెయిలింగ్ అవతల పాలు ఒలికినట్టు తెల్లగా మబ్బు, ఇంకేమీ లేదు. ఒక పెద్దావిడ చీర కొంగు భుజాల చుట్టూ బిగించి కప్పుకుని, "ఏం చూడాలి బాబూ ఇక్కడ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె వెటకారానికి అనలేదమ్మా, నిజంగానే అడిగింది.

కాబట్టి కొండల మీది పనంతా పొద్దున్నే అయిపోవాలి. కాగితంలో పికప్ ఎనిమిదిన్నరకని ఉంది. ఏడున్నరకు మార్పించు. ఏజెంటు వీల్లేదంటే కారణం షాపులు తెరవకపోవడమే అయ్యుంటుంది. కొట్టేయాల్సిన అయిదులో మొదటి మూడు ఆ షాపులే. ఓడ బొమ్మలు చక్కగా చేస్తారు, కాదనను. చెక్క ముక్కల్ని పట్టకారుతో అతికించే పనితనం చూడాల్సిందే. కానీ మనం ఎంత కొంటే డ్రైవర్‌కి అంత కమిషన్ ముడుతుంది కాబట్టి అక్కడి నుంచి కదలడం కష్టం. మొహమాటపడకుండా ముందురోజు రాత్రే ఫోన్ చేసి చెప్పు: "షాపింగ్ వద్దండీ, పెద్దవాళ్ళున్నారు, ఆ కమిషన్ పోయినందుకు టిప్పులో చూసుకుంటాం." అంతే, మర్నాడు ఆయన మొహం వేరేగా ఉంటుంది. అక్కడా రూపాయే నడుస్తుంది కానీ దాని విలువ మన రూపాయి కంటే దాదాపు రెట్టింపు, లెక్కలో తేడా పడకు.

ఇంకో మాట. ఏజెంట్లు ఎస్ఐసీ అంటారే, అంటే పదిమందితో కలిసి కోచ్‌లో వెళ్ళడం, అది నీకు వద్దు. ఒంటరిగా వెళ్ళే కుర్రాళ్ళకు అది చవక. నాన్న మోకాళ్ళతో ప్రతి స్టాపులో బస్సు ఎక్కి దిగడం, ఆలస్యమైతే అందరూ చూసే చూపులు, ఎందుకొచ్చిన టెన్షన్? ప్రైవేట్ కారు మాట్లాడుకో. డ్రైవరే గైడు కూడా అవుతాడు. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టు. కొండ మీది షమరెల్ ఊరి నుంచి ఒడ్డునున్న కాజ్ నొయాల్ వైపు దిగే రోడ్డు మన ఘాట్ రోడ్డుకి తక్కువేం కాదు, మెలికలే మెలికలు. వాంతి మాత్ర ఆ మలుపుల దగ్గర కాదు, బయల్దేరడానికి అరగంట ముందే వేయించు. ఫోన్ చూడనివ్వకు.

మొదట గంగా తలావ్‌కి పొమ్మను. సముద్రానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున, పాత అగ్నిపర్వతం నోట్లో నిండిన చెరువు. దారిలోనే 108 అడుగుల శివుడు నిలబడి కనిపిస్తాడు, 2007 నుంచి ఉన్నాడు. ఎదురుగా దుర్గమ్మది అంతే పెద్ద విగ్రహం తర్వాత వచ్చింది. కారు డ్రైవర్లు విగ్రహం దగ్గరే ఆపి ఫోటోలు తీయించి పదమంటారు. మీరు కిందకి, నీళ్ళ ఒడ్డుకి వెళ్ళండి. తమ ఊరి పూజారికి కలలో ఈ చెరువు కనిపించిందని చెప్పుకుని 1898లో అక్కడి జనం తొలిసారి నడిచి వచ్చారు. 1972లో మన గంగ నీళ్ళు తెచ్చి కలిపారు. ఇప్పుడు శివరాత్రికి దీవి నలుమూలల నుంచీ కావళ్ళు మోసుకుంటూ నడిచొస్తారు. పొద్దున్న ఎనిమిదిన్నరకు వెళ్తే నీళ్ళ మీద పొగమంచు, గంట చప్పుడు, అంతే. మీ నాన్న అక్కడి నుంచి లేవనంటాడు, లేపకు. టికెట్ ఏమీ లేదు.

అరటిపళ్ళు మాత్రం చేతిలో పట్టుకోనివ్వకు. కోతులు మన గుళ్ళ దగ్గర ఉన్నట్టే ఉంటాయి, బుద్ధి కూడా అంతే. ఒకసారి మా గ్రూపులో ఒకాయన కొబ్బరికాయ, పళ్ళు ఉన్న కవరు కిందపెట్టి చెప్పులు విప్పుకుంటున్నాడు. కోతి కవరు జోలికి వెళ్ళలేదు. చెప్పుల్లో ఒకటి తీసుకుని, పళ్ళు ఇచ్చేదాకా గోడ మీద కూర్చుంది.

అక్కడి నుంచి గోర్జెస్ వ్యూపాయింట్ దగ్గరే. దారిలో అలెగ్జాండ్రా జలపాతం వస్తుంది. నాలుగోదిగా దాన్ని కొట్టేయొచ్చు, దూరం నుంచి సన్నగా కనపడుతుంది అంతే. గోర్జెస్‌లో మబ్బు ఉంటే వెంటనే కారెక్కకండి, ఇరవై నిమిషాలు ఆగండి. గాలి మళ్ళిందంటే తెర లాగినట్టు లోయంతా తెరుచుకుంటుంది, ఆ చివర పడమటి సముద్రం మెరుస్తుంది. కిందకి చూడు. నీ కాళ్ళకంటే దిగువన ఒక తెల్ల పక్షి, తోకకు బారెడు పోగు కట్టినట్టు, రెక్క ఆడించకుండా తేలుతూ కనిపిస్తుంది. పాయ్ ఆన్ క్యూ అంటారు వాళ్ళు. మీరెక్కే ఎయిర్ మారిషస్ విమానం తోక మీద బొమ్మ దానిదే. పక్షిని పైనుంచి చూడటం నాకు అక్కడే మొదటిసారి.

షమరెల్‌లో జలపాతానికీ ఏడు రంగుల మట్టికీ ఒకటే టికెట్. టూరు ధరలో అది కలిసి ఉందో లేదో ముందే అడుగు. జలపాతాన్ని కింద పార్కింగ్ పక్క నుంచే చూడొచ్చు, మెట్లు నువ్వు ఎక్కు, నాన్న వద్దు. మట్టి సంగతి నిజం చెప్పాలంటే ఫోటోల్లో చూసినంత ఉండదు. అది చిన్న జాగా, చుట్టూ కంచె, కళ్ళతో చూడటమే. కానీ లావా రాయి చివికి చివికి, ఇనుము, అల్యూమినియం పాళ్ళను బట్టి ఎరుపు, ఊదా, గోధుమ రంగులుగా చీలిందని తెలిసి చూస్తే వేరేగా ఉంటుంది. ఎండ ఉంటేనే రంగు. మబ్బు పడితే పక్కనే ఉన్న పెద్ద తాబేళ్ళను చూస్తూ ఎండ వచ్చేదాకా కూర్చోండి.

భోజనానికి ఏజెంటు చెప్పే రెస్టారెంట్ బఫే మీ ఇష్టం. నేనైతే పొద్దున్న ఊళ్ళోంచి పోతూనే దోల్ పూరీ కట్టించుకుంటాను. పప్పు నింపిన మెత్తటి రొట్టె అది. ఒకటి ఇవ్వరు, జతగానే ఇస్తారు. మధ్యలో చిక్కుడు గింజల కూర, టమాటా కూర రాసి, "పిమా?" అని అడుగుతారు. పచ్చిమిరప కారం అన్నమాట. అమ్మ సరే అంటుంది, నాకు తెలుసు. పూర్తి శాకాహారమని ముందే చెప్పాలి.

మూడింటికల్లా కొండ దిగిపోండి. క్యూర్‌పీప్‌లోని పాత అగ్నిపర్వతపు గొయ్యి ట్రూ ఓ సెర్ఫ్ అయిదోది, కొట్టేయ్. ఆ మిగిలిన టైమంతా లె మోర్న్‌కి ఇవ్వు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన 556 మీటర్ల రాతి కొండ అది. పారిపోయిన బానిసలు దాని గుహల్లో దాక్కున్నారు. 1835లో బానిసత్వం రద్దయిందన్న కబురు చెప్పడానికి మనుషులు కొండెక్కుతుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని అంచు మీంచి దూకేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 2008లో యునెస్కో జాబితాలో చేరింది. ఎక్కనక్కర్లేదు, కింద బీచ్‌లో కూర్చుంటే చాలు. ఆగస్టులో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది, ఆ ఎండ నేరుగా రాతి మీద పడుతుంది.

అన్నట్టు డ్రైవర్ పేరు అడిగి చూడు. చెరకు తోటల్లో కూలికి కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళిన మనవాళ్ళ మునిమనవళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు. ఒకసారి మాకు దొరికినాయనకు తెలుగు మాట్లాడటం రాదు. కానీ సింహాద్రి అప్పన్న పూజలో పాడే భజన ఒకటి మొత్తం వచ్చు, అర్థం తెలియకుండానే. దిగుడు రోడ్డంతా పాడుతూ వచ్చాడు. మా బస్సులో విశాఖ ఆవిడ అందుకుంది.

టిప్పు హోటల్ గుమ్మం దగ్గర కాదు, లె మోర్న్‌లోనే ఇచ్చేయ్, తిరుగు దారిలో ఇంకో రెండు చోట్ల ఆయనే ఆపుతాడు.

వచ్చేటప్పుడు బొయ్ షెరీ వెనీలా టీ రెండు పాకెట్లు తీసుకురా. మీ పెద్దమ్మ పాతదాని ఖాళీ డబ్బా ఇంకా పారేయలేదు.

ఇట్లు,
మీ పెదనాన్న