ఎనిమిదో నంబర్ మీద కాదు గొడవ పడాల్సింది

అడిగిన ప్రశ్న: 2024-25 ఆస్ట్రేలియా టూర్‌లో మనవాళ్ళు 3-1తో సిరీస్ పోగొట్టుకోవడానికి జట్టు ఎంపికే కారణమా? ఆల్‌రౌండర్ నితీష్ కుమార్ రెడ్డి బదులు ఒక అసలు సిసలు బౌలర్‌ని ఆడించి ఉంటే ఫలితం మారేదా?

ఎంపికే కారణం. అందులో నాకు సందేహమే లేదు. కానీ తీసేయాల్సిన పేరు నితీష్‌ది కాదు. ఓడిన ప్రతి టూర్ తర్వాతా మన అభిమానులు కింద నుంచి మొదలుపెడతారు. పదకొండో ఆటగాడు ఎవరు, హర్షిత్ రాణా ఎందుకు, ప్రసిద్ధ్ ఎందుకు కాదు, స్పిన్నర్ ఎవరు? పైనున్న నలుగురి దగ్గరకి వచ్చేసరికి అందరి గొంతూ తగ్గిపోతుంది.

ఒక బౌలర్ తక్కువయ్యాడన్న మాట మాత్రం నేనూ ఒప్పుకుంటాను. బుమ్రా ఆ సిరీస్‌లో 151 ఓవర్లకు పైగా వేశాడు. 32 వికెట్లు, సగటు 13. అలాంటి బౌలింగ్ మన వైపు నుంచి నేను ఎప్పుడూ చూడలేదు, ఇక చూస్తానో లేదో కూడా. అంత చేసిన మనిషి చివరికి సిడ్నీలో వెన్ను పట్టేసి, రెండో ఇన్నింగ్స్‌లో ఒక్క బంతీ వేయలేకపోయాడు. ఇంకో బౌలర్ ఉండాలి, కచ్చితంగా ఉండాలి. ఆ బౌలర్ చోటులో ఎవరు కూర్చున్నారన్నదే అసలు ప్రశ్న.

మెల్‌బోర్న్ టెస్టు మూడో రోజు, డిసెంబర్ 28 గురించి చెప్తాను. నాకు ఈ విషయంలో అంత కోపం ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.

మాది విశాఖ. క్రిస్మస్ సెలవులకి అక్కా బావగారూ హైదరాబాద్ నుంచి వచ్చారు. మన టైం ప్రకారం పొద్దున్న ఐదింటికే ఆట మొదలు. ఆస్ట్రేలియా 474 కొట్టింది. మనవాళ్ళు ముందు రోజు సాయంత్రానికి 164కి ఐదు వికెట్లు. జైస్వాల్ 82 దగ్గర రనౌట్ అయిపోయాక, కాసేపట్లోనే కోహ్లీ ఎప్పటిలాగే ఆఫ్ స్టంప్ బయట బంతిని కెలికి వెళ్ళిపోయాడు. బాబాయ్, బావగారు, నేను హాల్లో కూర్చున్నాం. చలి, చీకటి, ఇంట్లో మిగతావాళ్ళు నిద్ర. టీవీ సౌండ్ తగ్గించి పెట్టుకున్నాం.

బావగారికి అప్పటి కెప్టెన్ రోహిత్ శర్మ అంటే ప్రాణం. ముందు రాత్రే భోజనాల దగ్గర పెద్ద వాదన అయింది. "ఈ నితీష్ గాడు ఐపీఎల్ వల్ల వచ్చాడు. అటు బౌలరూ కాదు, ఇటు బ్యాటరూ కాదు" అన్నారాయన. "బావగారూ, పెర్త్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో జట్టంతా 150కి ఆలౌటైతే టాప్ స్కోరర్ ఎవరు? అడిలైడ్‌లో రెండు ఇన్నింగ్స్‌లోనూ ఎవరు?" అని నేను అడిగాను. 41, 42, 42. మూడుసార్లూ అతనే. ఆయన జవాబు చెప్పలేదు. "అవన్నీ ఓడిపోయే మ్యాచ్‌లో కొట్టిన పరుగులు" అని తేల్చేశారు. పెర్త్‌లో మనం 295 పరుగులతో గెలిచామని గుర్తుచేస్తే టాపిక్ మార్చేశారు.

పొద్దున్న పంత్ వచ్చి, బోలాండ్ బంతిని వెనక్కి స్కూప్ చేయబోయి ఔటయ్యాడు. గవాస్కర్ కామెంటరీలో "స్టుపిడ్, స్టుపిడ్, స్టుపిడ్" అని అరిచింది ఆ షాట్‌కే. కాసేపటికి జడేజా ఎల్‌బీ. 221కి ఏడు. ఫాలోఆన్ (వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కి దిగాల్సి రావడం) తప్పాలంటే 275 కావాలి. బావగారు లేచి, "ఇక చూసేదేం లేదు, నేను పడుకుంటా" అన్నారు. బాబాయ్ ఆయన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. స్టీల్ ప్లాంట్‌లో పని చేసినంత కాలం నైట్ డ్యూటీల్లో రేడియో కామెంటరీ విన్న మనిషి ఆయన, మధ్యలో లేవడం ఆయనకి నచ్చదు.

ఆ తర్వాత నితీష్, వాషింగ్టన్ సుందర్ ఆడిన తీరు చూడాలి. తొందర లేదు, భయం లేదు. స్టార్క్, కమిన్స్, బోలాండ్, లయన్, అందరినీ మంచి బంతికి మర్యాద ఇచ్చి, చెడ్డ బంతికి బౌండరీ కొట్టి ఎదుర్కొన్నారు. ఎనిమిదో వికెట్‌కి 127 పరుగులు. సుందర్ 162 బంతులు ఆడి 50 చేశాడు. పైనున్న పెద్దవాళ్ళు చేయాల్సిన పని అది. ఆ సిరీస్‌లో వాళ్ళు చేయలేకపోయిన పని అది.

సుందర్ ఔటయ్యేసరికి నితీష్ వందకి అంగుళం దూరంలో ఉన్నాడు. తర్వాత 99 దగ్గర అతను అవతలి ఎండ్‌లో చిక్కుకుపోయాడు, బుమ్రా స్లిప్‌లో దొరికిపోయాడు. సిరాజ్ వచ్చాడు. కమిన్స్ ఓవర్‌లో ఇంకా మూడు బంతులు. మా ఇంట్లో ఆ మూడు బంతులకి పడిన టెన్షన్ నాకు ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా లేదు. అప్పటికి అక్కా అమ్మా కూడా లేచి వచ్చి నిలబడ్డారు. సిరాజ్ ఒక బంతి ఆపితే బాబాయ్ "ఇంకా రెండు" అన్నారు. రెండోది ఆపాడు. మూడోది కూడా ఆపాడు. స్టేడియంలో జనం సిరాజ్‌కి సెంచరీ కొట్టినట్టు చప్పట్లు కొట్టారు. వెంటనే బోలాండ్ ఓవర్‌లో నితీష్ మిడాన్ మీదుగా ఫోర్ లేపాడు. మోకాలి మీద కూర్చుని, బ్యాట్ నేలకి ఆనించి దానికి హెల్మెట్ తగిలించాడు. కెమెరా స్టాండ్స్‌లో ఉన్న వాళ్ళ నాన్న ముత్యాల రెడ్డి గారి మీదకి వెళ్ళింది. కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్న మనిషి. ఏడుస్తున్నాడు. మా అమ్మ కూడా ఏడ్చింది. బావగారు లేచి చప్పట్లు కొట్టారు, అది మాత్రం ఒప్పుకోవాలి.

కానీ టీ తాగుతూ ఆయన అన్న మాట ఏంటంటే: "బాగానే ఆడాడు గానీ, వీడి వల్ల ఒక బౌలర్ తగ్గాడు కదా."

ఒళ్ళు మండింది. ఎనిమిదో నంబర్‌లో దిగి 114 కొట్టినవాడి వల్ల బౌలర్ తగ్గాడా? ఆ టూర్‌లో రోహిత్ శర్మ స్కోర్లు 3, 6, 10, 3, 9. ఐదు ఇన్నింగ్స్‌లో 31 పరుగులు. కోహ్లీ పెర్త్ సెంచరీ పక్కన పెడితే మిగతా ఎనిమిది ఇన్నింగ్స్‌లో 90. పైన పరుగులు రావని మేనేజ్‌మెంట్‌కి తెలుసు. అందుకే కింద బ్యాటింగ్ పెంచుకుంటూ పోయారు. మెల్‌బోర్న్‌లో గిల్‌ని తీసేసి సుందర్‌ని తెచ్చారు. జడేజా, నితీష్, సుందర్, వరసగా ముగ్గురు ఆల్‌రౌండర్లు. ఇల్లు కురుస్తోందని పైకప్పు బాగుచేయకుండా కింద గిన్నెలు పెట్టుకున్నట్టు ఉంది ఆ జట్టు. బాగా ఆడిన గిన్నెల్నే మనం తిట్టాం.

దాని ఫలితం నాలుగో రోజు చూశాం. రెండో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా 173కి తొమ్మిది. లయన్, బోలాండ్ క్రీజులో. అక్కడ వాళ్ళని వెంటనే పంపించి ఉంటే మనకి 280 లోపు టార్గెట్. ఆ పదో వికెట్‌కి 61 పరుగులు ఇచ్చాం. జైస్వాల్ అంతకుముందే మూడు క్యాచ్‌లు వదిలాడు, అదొక బాధ. లయన్ స్లిప్‌లో దొరికాడనుకుంటే బుమ్రా బంతి నోబాల్. ఆ టెస్టులో బుమ్రా 53 ఓవర్లు వేశాడు, పేస్ బౌలర్! కాళ్ళు లాగేస్తుంటే గీత దాటకుండా ఎలా ఉంటుంది? తాజాగా ఉన్న నాలుగో పేసర్ ఒకడుంటే ఆ రాత్రే ఇన్నింగ్స్ ముగిసేది. చివరికి 340 టార్గెట్, మనం 155కి ఆలౌట్. 121కి మూడు నుంచి 34 పరుగుల్లో ఏడు వికెట్లు.

దీన్ని నేను కేవలం టీవీ ముందు కూర్చుని అనడం లేదు. కుర్రతనంలో లీగ్ మ్యాచ్‌ల్లో మీడియం పేస్ వేసేవాణ్ణి. మా టీంలో పైన ముగ్గురు సీనియర్లు. వాళ్ళు పరుగులు చేసి చాలాకాలమైంది, అయినా కదిపే ధైర్యం ఎవరికీ లేదు. ప్రతి ఓటమికీ కెప్టెన్ చేసే పని ఒకటే: ఒక బౌలర్‌ని తీసి ఇంకో బ్యాటర్‌ని ఏడో నంబర్‌లో పెట్టడం. ఎండలో ఒక ఎండ్ మొత్తం నేనే వేసేవాణ్ణి. సాయంత్రం బ్యాగ్ ఎత్తడానికి భుజం లేచేది కాదు. ఓడిపోయాక అందరూ అనే మాట, "బౌలింగ్ బాలేదు". బుమ్రా స్థాయి వేరు, మా స్థాయి వేరు. కానీ లెక్క ఒకటే.

రాహుల్ విషయం ఇంకా ఘోరం. పెర్త్‌లో రెండో ఇన్నింగ్స్‌లో అతనూ జైస్వాలూ మొదటి వికెట్‌కి 201 పరుగులు పెట్టారు. బ్రిస్బేన్‌లో ఓపెనర్‌గానే 84. టూర్ మొత్తంలో కొత్త బంతిని నిలకడగా వదిలేసిన బ్యాటర్ అతనే. అలాంటివాణ్ణి మెల్‌బోర్న్‌లో మూడో నంబర్‌కి పంపారు, రోహిత్ ఓపెనింగ్ చేయాలని. 24, 0. ఫామ్‌లో ఉన్నవాణ్ణి కదిపి ఫామ్‌లో లేనివాడికి చోటిచ్చే ఎంపిక ప్రపంచంలో ఇంకెక్కడైనా జరుగుతుందా?

స్పిన్నర్ల సంగతి కూడా ఇలాగే. పెర్త్‌లో సుందర్, అడిలైడ్‌లో అశ్విన్, బ్రిస్బేన్‌లో జడేజా. మూడు టెస్టులకి ముగ్గురు. 537 వికెట్లు తీసిన అశ్విన్ బ్రిస్బేన్ టెస్టు అయిపోగానే రిటైర్మెంట్ చెప్పేసి ఇంటికి విమానం ఎక్కాడు. టూర్ మధ్యలో. అంత పెద్ద బౌలర్ అలా వెళ్ళిపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

తెలుగువాళ్ళ మీద అభిమానంతో మాట్లాడుతున్నానని కొందరంటారు. అభిమానం ఉంది, దాచుకోను. కానీ చరిత్ర చూడండి. హనుమ విహారిని 2018లో మెల్‌బోర్న్‌లో ఉన్నపళంగా ఓపెనర్‌గా దింపారు. 66 బంతులు ఆడి కొత్త బంతి పదును తీసిపెట్టాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలబడి అశ్విన్‌తో కలిసి మ్యాచ్ కాపాడాడు. అతని కెరీర్ 16 టెస్టులతో 2022లోనే ఆగిపోయింది. కోల్‌కతాలో 281 కొట్టిన లక్ష్మణ్‌కి 2003 వరల్డ్ కప్ జట్టులో చోటు లేదు. జట్టు కోసం ఎక్కడైనా ఆడటానికి ఒప్పుకునేవాళ్ళనే ముందు కదుపుతారు. ఇది ఒక్క మనవాళ్ళకే కాదు, పేరుకి బరువు లేని ప్రతి ఆటగాడికీ జరిగేదే. ఆ టూర్‌లో అభిమన్యు ఈశ్వరన్ ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగొచ్చాడు. సర్ఫరాజ్ కూడా అంతే.

దీనికి టీవీ స్టూడియోలు తక్కువ తినలేదు. ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య ఫీల్డ్ ఎలా మారిందో చూపించకుండా ప్రకటనలు కుక్కుతారు. లంచ్‌లో మాత్రం నలుగురు మాజీలు కూర్చుని ఎనిమిదో నంబర్ ఎవరన్నది అరగంట చర్చిస్తారు. కెప్టెన్ ఐదు ఇన్నింగ్స్‌గా ఆడలేదన్న మాట ఒక్కరి నోట రాదు.

సిడ్నీలో చివరికి రోహిత్ తనంతట తాను పక్కన కూర్చున్నాడు, ప్రసిద్ధ్ కృష్ణ కూడా జట్టులోకి వచ్చాడు. మొదటి ఇన్నింగ్స్‌లో బుమ్రా మధ్యలో ఆసుపత్రికి వెళ్ళినా, సిరాజ్ మూడు, ప్రసిద్ధ్ మూడు, నితీష్ రెండు తీసి ఆస్ట్రేలియాని 181కి ఆపారు. నితీష్ బ్యాట్‌తో ఆ మ్యాచ్‌లో విఫలమయ్యాడు, 0, 4. అది నిజం. కానీ ముగ్గురు పేసర్లున్న జట్టులో నాలుగో వాడిగా అతను ఎంత ఉపయోగమో అక్కడే తేలింది. పెర్త్‌లో గెలిచింది కూడా దాదాపు ఇలాంటి జట్టే. నితీష్ కాక ముగ్గురు పేసర్లు, ఒకే స్పిన్నర్, ఓపెనర్లుగా రాహుల్, జైస్వాల్.

కాబట్టి మెల్‌బోర్న్‌కి నా జట్టు ఇది: జైస్వాల్, రాహుల్, గిల్, కోహ్లీ, పంత్, నితీష్, సుందర్, ప్రసిద్ధ్, ఆకాశ్ దీప్, బుమ్రా, సిరాజ్. జడేజా ఉండడు, రోహిత్ ఉండడు. ఎనిమిదో నంబర్ నుంచి బ్యాటింగ్ లేదని భయపడేవాళ్ళు ఒక్కటి చూడాలి. బ్రిస్బేన్‌లో ఫాలోఆన్ తప్పించింది పదో వికెట్‌కి ఆడిన బుమ్రా, ఆకాశ్ దీప్. కోహ్లీని ఉంచడం మీద అభ్యంతరం ఉంటే కింద రాయండి, పెర్త్ సెంచరీ ఉంది కాబట్టి నేను ఉంచాను. నితీష్‌ని తీయాలనేవాళ్ళు మాత్రం ముందు ఆరో నంబర్‌లో ఎవరు దిగి పరుగులు చేస్తారో పేరు చెప్పి రాయండి.