కొలరాడో కొండల్లో ఎల్క్ వేట నేర్చుకోవాలి, ఏ తుపాకీ కొనాలి?

అడిగినవారు హ్యూస్టన్ నుంచి డెన్వర్‌కి మారి ఏడాదైందట. వచ్చే అక్టోబరులో ఎల్క్ (భారీ జింక జాతి) వేటకు వెళ్లాలని ఉందట. తుపాకీ సంగతి చివర్లో చెప్తాను. ముందు మీ నడుము ఎన్ని కిలోలు మోయగలదో చూసుకోండి.

మాది మార్కాపురం. నల్లమల చూస్తూ పెరిగాను కాబట్టి కొండలు నాకు కొత్త కాదనుకున్నాను. నల్లమలలో అతి ఎత్తైన కొండ కూడా దాదాపు 3,600 అడుగులే. ఇక్కడ కారు దిగే చోటే 9,000 అడుగులు దాటుతుంది. మొదటి రెండేళ్లు ఒట్టి చేతులతో తిరిగొచ్చాను. కారణం గాలి. తెల్లవారుజామున చల్లగాలి వాలు వెంట కిందికి జారుతుంది, ఎండెక్కాక పైకి మళ్లుతుంది. నేనేమో ఎనిమిదింటికి తీరిగ్గా బయల్దేరి కింద నుంచి ఎక్కేవాణ్ని. పది అయ్యేసరికి నా చెమట వాసన నాకన్నా ముందే పైకి చేరేది. ఎల్క్ కంటిని ఏమార్చవచ్చు, ముక్కును ఏమార్చలేం. ఇది ఏ షాపులోనూ ఎవరూ చెప్పలేదు. అక్కడ చెప్పేదంతా బైనాక్యులర్స్ గురించే.

మూడో ఏడు, అక్టోబరు చివర్లో, ఫ్లాట్ టాప్స్ అనే కొండల వైపు వెళ్లాం. నాతో మా పక్కింటి పెద్దాయన ఉన్నారు, నలభై ఏళ్లుగా వేటాడుతున్న మనిషి. నా దగ్గర ఉన్నది ఆడ ఎల్క్ లైసెన్సు. సాయంత్రం ఐదింటికి 180 గజాల దూరంలో ఒకటి పక్కకు తిరిగి నిలబడింది. కాల్చాను. అది అరవై గజాలు పరుగెత్తి, లోయలో స్ప్రూస్ చెట్ల మధ్య పడిపోయింది.

దగ్గరికి వెళ్లేసరికి చీకటి పడింది. పెద్దాయన చేతి తొడుగులు తీసి, దాని మెడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. తర్వాత కత్తులు తీశాం. వెన్ను వెంట చర్మం కోసి, పొట్ట తెరవకుండానే కాళ్లు, వీపు మాంసం విడదీసి, గుడ్డ సంచుల్లో వేసి కొమ్మలకు వేలాడదీశాం. మంచు ఉంది కదా అని ఆలస్యం చేస్తే ఎముక దగ్గరి వేడికే మాంసం పాడవుతుంది. తొడల వెనకున్న మాంసం తీసేటప్పుడు నా చేతుల మీదుగా ఆవిరి లేచింది.

ఒక్కో వెనక కాలు పాతిక కిలోల దాకా ఉంది. ఇద్దరం చెరొకటి ఎత్తుకుని, 800 అడుగులు ఎక్కి, మూడున్నర కిలోమీటర్లు నడవాలి. గట్టు మీదికి చేరి ఆగగానే నాకు వణుకు మొదలైంది. లోపల కాటన్ బనియన్ చెమటకు తడిసిపోయి ఉంది. బ్యాగు బకిల్ తియ్యాలంటే వేళ్లు మాట వినలేదు. పెద్దాయన "అది విప్పెయ్, ఇప్పుడే" అని గట్టిగా అరిచి, తన బ్యాగులోంచి పొడి ఉన్ని చొక్కా తీసి తొడిగించారు. నేను ఒక్కణ్నే ఉంటే ఆ రాత్రి ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించబుద్ధి కాదు. కారు దగ్గరికి చేరేసరికి పదకొండు. మిగతా మాంసానికి పొద్దున మళ్లీ వెళ్లాం.

యూట్యూబ్ వీడియోలు తుపాకీ పేలగానే ఫొటో దగ్గరికి దూకుతాయి. మధ్యలోని ఆ ఆరు గంటలే అసలు వేట, వాటిని కోసేసి కొత్తవాళ్లను మోసం చేస్తున్నారు. తినదగిన మాంసాన్ని కొండ మీద వదిలేస్తే ఇక్కడ అది నేరం కూడా.

ఇంకో బాధ. మనవాళ్ల పార్టీల్లో చికెన్ బిర్యానీ తింటూనే "అడవి జంతువును చంపడం పాపం కదా" అంటారు. మా అమ్మ కూడా ఫోన్‌లో "జీవహింస ఎందుకురా" అంది. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం, అది సరైనదే. ఇక్కడ లైసెన్సుల లెక్క వేరు, వేటగాళ్లు కట్టే ఆ డబ్బుతోనే వన్యప్రాణి శాఖ చాలావరకు నడుస్తుంది. నేను తినే మాంసం ఎక్కడ, ఎలా చనిపోయిందో నాకు తెలుసు. ఆ మాట అమ్మకు ఇంకా సరిగా చెప్పలేకపోతున్నాను.

కాగితాల సంగతి: 1949 జనవరి 1న లేదా ఆ తర్వాత పుట్టినవారెవరైనా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. రైఫిల్ సీజన్‌లో నడుము పైన కనీసం 500 చదరపు అంగుళాల మెరుపు ఆరెంజ్ లేదా పింక్ బట్ట ఉండాలి, టోపీ కూడా అదే రంగు. మీరు వీసా మీద ఉంటే తుపాకీ ముట్టుకునే ముందే లాయర్‌ని అడగండి, అక్కడ ఫెడరల్ చట్టం అడ్డొస్తుంది.

ఈ ఆదివారం నుంచి బ్యాగులో ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచి ఒకటి పెట్టుకుని కొండ ఎక్కండి. జులైకి రెండు సంచులు చెయ్యండి. కాటన్ మాత్రం వద్దు. ఇక తుపాకీ అంటారా, నాది పాత 308 రైఫిల్. మూడేళ్లుగా అదే వాడుతున్నాను.